వైద్య నిర్లక్ష్యం: ఏ ఫిర్యాదు ఎక్కడ నిలుస్తుంది?

ఆపరేషన్ వికటించినంత మాత్రాన, రోగి చనిపోయినంత మాత్రాన అది వైద్య నిర్లక్ష్యం అయిపోదు. సాధారణ నైపుణ్యం ఉన్న వైద్యుడు ఆ పరిస్థితిలో తీసుకునే జాగ్రత్త తీసుకోలేదని, దానివల్లే రోగికి హాని జరిగిందని రుజువు కావాలి. ఇంగ్లండ్‌లో 1957లో వచ్చిన బోలమ్ తీర్పు నుంచి భారత న్యాయస్థానాలు తీసుకున్న కొలమానం ఇది. వైద్యులు ఆమోదించే రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకున్నందుకు ఎవరినీ తప్పు పట్టరు.

బాధిత కుటుంబాలు చాలాసార్లు ముందు పోలీస్ స్టేషన్‌కే వెళ్తాయి. నిజానికి అన్నిటికంటే ఇరుకైన దారి అదే. 1995లో లూధియానాలో శ్వాస అందని ఒక రోగికి అమర్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉంది. ఆయన చనిపోయారు. అయినా వైద్యుడిపై క్రిమినల్ కేసు చెల్లదని 2005లో సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ తీర్పులో చెప్పింది. నేరం కావాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలి. పోలీసులు ముందుగా మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలి, మామూలుగా అరెస్టు చేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనవారికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. చికిత్స చేస్తుండగా అలా జరిగితే రిజిస్టర్డ్ వైద్యులకు మాత్రం గరిష్ఠంగా రెండేళ్లే.

పరిహారం కోరేవారికి అసలు వేదిక వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా 'సేవ' కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టంలో ఆరోగ్య సేవల ప్రస్తావన విడిగా లేదు కాబట్టి వైద్యులకు మినహాయింపు వచ్చిందన్న వాదన కొంతకాలం నడిచింది. 2022లో ఆ వాదన వీగిపోయింది. కొత్త చట్టం తెచ్చిన పెద్ద వెసులుబాటు, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. హైదరాబాద్‌లో చికిత్స పొందిన శ్రీకాకుళం రోగి శ్రీకాకుళంలోనే వేయవచ్చు. ఆస్పత్రికి కట్టిన మొత్తం 50 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకైతే ఫిర్యాదు రుసుము కూడా లేదు. గడువు మాత్రం రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే తప్ప ఆ తర్వాత తీసుకోరు.

ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పిన తీర్పు హైదరాబాద్ కేసులోదే. మలేరియా రోగికి ఒక ఆస్పత్రి టైఫాయిడ్ మందులు వాడింది. తప్పు కళ్లకు కనిపిస్తున్నప్పుడు నిపుణుడి కోసం పట్టుబట్టనక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పి, జిల్లా ఫోరం ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది. అనుమతి విషయం వేరు. పరీక్షకు సంతకం చేసిన మహిళకు అదే మత్తులో గర్భాశయం తీసేయడం, ప్రాణాపాయం లేనప్పుడు, అక్రమమని 2008 తీర్పు.

ఇవన్నీ చివరికి కాగితాల మీద ఆధారపడతాయి. బాధితులు ఓడిపోయేదీ ఎక్కువగా అక్కడే. బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ చేతిలో ఉంటాయి గానీ ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో చెప్పే కేస్ షీట్ ఆస్పత్రిలోనే ఉండిపోతుంది. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. రోగిగానీ అధీకృత సహాయకుడుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోవడం మేలు. ఇవ్వకపోతే ఆ నిరాకరణే తర్వాత కమిషన్ ముందు ఆస్పత్రికి వ్యతిరేకంగా పనికొస్తుంది.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రులకు వినియోగదారుల చట్టం వర్తించదు. పేదలే ఎక్కువగా వెళ్లే చోట ఈ తలుపు మూసి ఉండటం చట్టంలోని పెద్ద వెలితి. వారికి మిగిలినవి సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్. రైలు నుంచి పడి గాయపడిన కూలీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకపోవడం 21వ అధికరణ ఉల్లంఘనేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పి, 25 వేల రూపాయలు ఇప్పించింది.

రోగులను హింసించడం వేరే కోవ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని, ఒంటరి నిర్బంధాన్ని, మత్తు ఇవ్వకుండా విద్యుత్ షాక్ ఇవ్వడాన్ని నిషేధించింది. తొలిసారి ఉల్లంఘనకు శిక్ష ఆరు నెలల జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా లేదా రెండూ.

వైద్యుడి లైసెన్సుపై చర్య కోరేవారు రాష్ట్ర వైద్య మండలికి వెళ్లాలి. అక్కడ పరిహారం రాదు. మండలి నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కును 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం వైద్యుడికే ఇచ్చింది. రోగి ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు.