దారి ఎవరి కోసం?

మన్యంలో రోడ్ల చరిత్ర మన పెద్దల వెట్టితో ముడిపడి ఉంది. 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లను బలవంతంగా తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు ఉండనే ఉన్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొరలతో కలిసి మనవాళ్లు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారంటే, ఈ రోడ్డు కూలి కూడా ఒక కారణం.

కొండకు ఏ దారి తెరుచుకున్నా కలప కిందికి దిగింది, షావుకారు పైకి ఎక్కాడు. చింతపండు ఇచ్చి ఉప్పు, బట్ట తెచ్చుకున్న ఇంట్లో అప్పు మిగిలింది. అప్పు కింద భూమి పోయింది. 1917 చట్టం, 1959 రెగ్యులేషన్, 1970లో 1/70 రావలసి వచ్చింది అందుకే. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది కూడా షావుకారు పట్టు వదిలించడానికే.

అలాగని రోడ్డు వద్దనలేం. నిండు చూలాలిని డోలీలో మోసే గూడేలు ఇంకా ఉన్నాయి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఏజెన్సీలో 250 జనాభా దాటిన ఆవాసాలనే మొదట లెక్కలోకి తీసుకుంది. పాతిక ముప్పై గడపల గూడేలు ఆ లెక్కకు అందలేదు. అలా మనలో మనకే తేడా వచ్చింది.

రోడ్డు పడితే చాలదు. దాని మీద అంబులెన్సు, టీచరు రావాలి. మన సరుకుకు ధర రావాలి. పక్క భూమి మన పేరునే ఉండాలి. మన ఊరి రోడ్డు ఎవరు వేశారు, కూలి ఎంత ఇచ్చారు, పక్క భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? పెద్దలను అడిగి పిల్లల చేత రాయిద్దాం.