ఇంటి పద్దు నుంచి దేశాల పోలిక దాకా

ఒక కుటుంబం నెలకెంత ఖర్చు పెడుతోంది, ఆస్తి ఎంత, అప్పు ఎంత అన్నది ఒక్క ఊళ్లో తెలుసుకోవడమే కష్టం. అవే ప్రశ్నలు పలు దేశాల్లో అడిగి జవాబులను పోల్చాలంటే కొత్త చిక్కు వచ్చి పడుతుంది: అన్నిచోట్లా మనం అడిగింది ఒకే సంగతేనా? కుటుంబ ఆర్థిక సర్వేల చరిత్ర అంతా ఈ చిక్కుతో పెనుగులాటే. ఆ సర్వేల అంకెలతోనే పేదరికాన్ని లెక్కగడతారు, ధరల సూచీలు కడతారు, బ్యాంకుల విధానాలు నిర్ణయిస్తారు. అందుకే ప్రశ్నలు ఎలా తయారయ్యాయో తెలుసుకోవడం పౌరులకూ అవసరం.

1853లో బ్రస్సెల్స్‌లో తొలి అంతర్జాతీయ గణాంక మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి బెల్జియం శాస్త్రవేత్త క్వెట్లె. కార్మిక కుటుంబాల జమాఖర్చులను అన్ని దేశాల్లో ఒకే పద్ధతిలో రాయాలన్న ఆలోచన అక్కడ రూపు దిద్దుకుంది. రెండేళ్లకు డ్యుక్పెత్యో అనే పరిశోధకుడు బెల్జియంలోని సుమారు 200 కుటుంబాల పద్దులు ప్రచురించాడు. అదే 1855లో ఫ్రాన్స్‌కు చెందిన లె ప్లే 36 కార్మిక కుటుంబాల జీవితాలను వివరంగా రాశాడు. మొదటివాడిది ఎక్కువ ఇళ్లను పైపైన చూసే దారి, రెండోవాడిది కొద్ది ఇళ్లను లోతుగా చూసే దారి. 1857లో జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ బెల్జియం పద్దులను పరిశీలించి, కుటుంబం ఎంత పేదదైతే ఖర్చులో తిండి వాటా అంత ఎక్కువని తేల్చాడు. ఒక దేశపు పద్దుల్లోంచి అన్ని దేశాలకూ వర్తించే సూత్రం పుట్టడం అదే మొదలు.

తర్వాత పెద్ద ప్రయత్నం అమెరికాది. 1888–90లో కరోల్ రైట్ నాయకత్వంలో అక్కడి కార్మిక శాఖ తమ దేశంలోనూ, ఐదు ఐరోపా దేశాల్లోనూ కలిపి 8,544 కుటుంబాల వివరాలు సేకరించింది. ఇనుము, బొగ్గు, గాజు, జౌళి వంటి కొన్ని పరిశ్రమల కార్మికులకే అది పరిమితం. ఆ కుటుంబాలు దేశం మొత్తానికి ప్రాతినిధ్యం వహిస్తాయని చెప్పేందుకు ఆధారం లేదు. శాస్త్రీయ నమూనా ఎంపిక అప్పటికి ఇంకా పుట్టలేదు.

పోలికలోని అసలు కష్టం 1929లో బయటపడింది. డెట్రాయిట్‌లోని తన కార్మికుడు బతికే స్థాయిలోనే ఐరోపా నగరాల్లో కార్మికుడు బతకాలంటే ఎంత జీతం ఇవ్వాలని ఫోర్డ్ కంపెనీ అంతర్జాతీయ కార్మిక సంస్థను అడిగింది. ఇందుకోసం డెట్రాయిట్‌లో 100 కుటుంబాల ఖర్చులు రాసుకున్నారు. ఆ సరుకుల పట్టికను పట్టుకుని ఐరోపాలో ధరలు కడదామంటే, అదే తిండి, అదే బట్ట, అదే రకం ఇల్లు అక్కడ దొరకవు. దొరికినా అక్కడివాళ్లు వాటిని కోరుకోరు. పైగా అమెరికా కార్మికుడు చేతి డబ్బుతో కొనుక్కునే వైద్యాన్ని కొన్ని ఐరోపా దేశాల్లో సామాజిక బీమా సమకూరుస్తుంది. దాన్ని లెక్కలోకి తేవాలా, వద్దా? ఈ ప్రశ్నకు ఈనాటికీ తిరుగులేని జవాబు లేదు.

నమూనా ఎంపిక విషయంలో ప్రపంచానికి దారి చూపిన దేశాల్లో మనది ముందు వరుస. ప్రశాంతచంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఒకే పొయ్యి వంట తినేవాళ్లు ఒక కుటుంబమని అది నిర్వచించుకుంది. ఆ తర్వాతి సమస్య జ్ఞాపకం. గత 30 రోజుల ఖర్చు అడిగితే కొన్ని మరిచిపోతారు. 7 రోజులే అడిగితే అంతకు ముందు వారం కొన్నవీ కలిపి చెబుతారు. 1999–2000 సర్వేలో తిండి ఖర్చును ఈ రెండు గడువులకూ పక్కపక్క గళ్లలో అడిగారు. ఒక జవాబు మరో జవాబును ప్రభావితం చేసిందని, అందువల్ల పాత అంకెలతో పోల్చలేమని ఆర్థికవేత్తలు వాదించారు. అప్పట్లో చూపిన పేదరికం తగ్గుదలలో నిజం ఎంత, గడువు మార్పు ఎంత అన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఒకే దేశంలో, ఒకే సంస్థ అడిగిన ప్రశ్నకే ఈ గతి పడితే దేశాల మధ్య సంగతి చెప్పక్కర్లేదు.

ప్రపంచ బ్యాంకు 1980లో జీవన ప్రమాణాల సర్వే కార్యక్రమం చేపట్టి, 1985లో ఐవరీ కోస్ట్, పెరూ దేశాల్లో మొదటి సర్వేలు నడిపింది. ప్రతి ఇంటికీ రెండు వారాల తేడాతో రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఏం కొన్నారని అడిగితే జ్ఞాపకానికి ఒక గట్టు దొరుకుతుంది.

ఖర్చు కన్నా ఆస్తిని అడగడం కష్టం. సంపద కొద్దిమంది చేతిలో ఉంటుంది, వాళ్లు సర్వేకు దొరకరు. అందుకే అమెరికా కేంద్ర బ్యాంకు 1983 నుంచి నడుపుతున్న సర్వేలో పన్ను రికార్డుల సాయంతో ధనిక కుటుంబాలను ఎక్కువగా ఎంచుకుని, తర్వాత వాటి వాటాను లెక్కలో సరిచేస్తారు. ఈ పాఠంతోనే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 2006లో యూరో దేశాల ఉమ్మడి సర్వేకు పూనుకుంది. ఏ వివరం కావాలో అందరూ కలిసి నిర్ణయించారు. దాన్ని రాబట్టే ప్రశ్నను తమ పరిస్థితులకు తగ్గట్టు మలుచుకునే స్వేచ్ఛ దేశాలకు ఇచ్చారు.

15 దేశాల్లో 62,000 పైగా కుటుంబాలతో 2013 ఏప్రిల్‌లో తొలి ఫలితాలు వచ్చేసరికి దుమారం రేగింది. నికర సంపద మధ్యగత విలువ (అంటే వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే కుటుంబం సంపద) స్పెయిన్‌లో 1,82,700 యూరోలు, జర్మనీలో 51,400 మాత్రమే! అప్పుల్లో ఉన్న దక్షిణాది దేశాలకు పేద జర్మన్లు సాయం చేయాలా అని కొందరు మండిపడ్డారు. కానీ ఆ అంకెల లోపలికి వెళ్లి చూస్తే కథ వేరు. స్పెయిన్‌లో నూటికి 83 కుటుంబాలకు సొంత ఇల్లుంది, జర్మనీలో 44 కుటుంబాలకే. స్పెయిన్ కుటుంబంలో మనుషులూ ఎక్కువ. అక్కడి వివరాలు 2008–09 నాటివి, అంటే ఇళ్ల ధరలు బాగా పడిపోకముందువి. జర్మన్లకు ప్రభుత్వం ఇవ్వబోయే పింఛను ఈ సంపద లెక్కలో లేదు. జర్మనీ సగటు మాత్రం 1,95,200 యూరోలు. మధ్యగతానికీ సగటుకూ అంత దూరం ఉందంటే అక్కడ సంపద ఎంత కొద్దిమంది దగ్గర పోగుపడిందో అర్థమవుతుంది. ఫోర్డ్ విచారణను వేధించిన సామాజిక బీమా ప్రశ్నే ఎనభై ఏళ్ల తర్వాత పింఛను రూపంలో మళ్లీ ఎదురైంది.

మన దేశమూ ఈ పోలికలోకి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నియమించిన తరుణ్ రామదొరై కమిటీ 2017లో మన కుటుంబాల సంపదను అమెరికా, చైనా, జర్మనీ వంటి దేశాలతో పోల్చింది. మన సంపదలో 84 శాతం ఇళ్లు, భూములు, ఇతర వస్తువుల్లో, 11 శాతం బంగారంలో ఉంటే, బ్యాంకు నిల్వలు, షేర్ల వంటి ఆర్థిక ఆస్తులు 5 శాతమేనని చెప్పింది. ఈ చివరి అంకెను చదివేటప్పుడు తెలుగు ఇళ్లలోని చీటీలను తలుచుకోవాలి. చీటీ పాట ఇంకా పాడుకోనివారికి అది పొదుపు, పాడుకున్నవారికి అప్పు. కుదువ పెట్టిన గొలుసు ఆస్తి కూడా, దాని మీద తెచ్చిన డబ్బు అప్పు కూడా. ఐరోపా ప్రశ్నావళిని తెచ్చి మన ఇళ్లలో చదివితే ఇవి ఏ గడిలోనూ సరిగా ఇమడవు.

కనుక మంచి సర్వే తయారు చేసేవాళ్లు ముందుగా ఒప్పందానికి రావాల్సింది కావలసిన వివరం మీద, దాన్ని రాబట్టే మాట మీద కాదు. కుటుంబమంటే ఎవరు, గడువు ఎంత, పింఛను, చీటీ, బంగారం ఎక్కడ రాయాలి అన్నవి అంకెలతో పాటే ప్రజల ముందు పెట్టాలి. ఫలితం నచ్చినా నచ్చకపోయినా బయటపెట్టాలి. మన దేశంలో 2017–18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత కారణం చూపి ప్రభుత్వం విడుదల చేయలేదు. తర్వాతి ఫలితాల కోసం 2022–23 సర్వే దాకా ఆగాల్సి వచ్చింది. గంటల తరబడి కూర్చుని తమ ఖర్చులు, అప్పులు చెప్పిన కుటుంబాలకు ఆ అంకెలను చూసే హక్కు ఉంది. అవి ఎలా పుట్టాయో వివరించాల్సిన బాధ్యత అడిగినవాళ్లదే.