కొత్త మోడల్ రైళ్లు వచ్చాయి... మన బెజవాడ బండి ఎక్కడ?

ఈ ఎపిసోడ్ మోడల్ రైళ్ల గురించి. పిల్లలు నేల మీద తోసుకునే బొమ్మ రైలు కాదండీ. అసలు ఇంజిన్‌ని కొలత తప్పకుండా చిన్నది చేసి, చిన్న పట్టాల మీద కరెంటుతో నడుపుతారే, అది.

ఈ హాబీ ఉన్నవాళ్లకి జనవరి అంటే పండగ నెల. ఇంగ్లాండ్‌లో హార్న్‌బీ కంపెనీ ఏళ్ల తరబడి జనవరి మొదట్లోనే ఆ ఏడాది మోడల్స్ ప్రకటిస్తూ వచ్చింది. నెలాఖరుకి జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పెద్ద బొమ్మల ఎగ్జిబిషన్ మొదలవుతుంది. మెర్క్లిన్, రోకో లాంటి కంపెనీల లిస్టులు బయటికొస్తాయి. మన దగ్గర ఈ పిచ్చి ఉన్నవాళ్లు కూడా ఆ లిస్టులు పైనుంచి కిందదాకా చూస్తారు. బ్రిటిష్ స్టీమ్ ఇంజిన్ ఉంటుంది, స్విస్ కొండ రైలు ఉంటుంది. చివరికి మనవాళ్ల నోట వచ్చేది ఒకటే మాట: "బాగుంది... కానీ మనది లేదుగా!"

ఎందుకు లేదు? మనదేశంలో మోడల్స్ కొనేవాళ్లు తక్కువ, అది ఒక కారణం. రెండో కారణం 170 ఏళ్ల పాతది. అది రెండు పట్టాల మధ్య ఖాళీలో ఉంది. దాన్ని అర్థం చేసుకోడానికి మన విజయవాడ కంటే మంచి ఊరు దొరకదు.

ముందు మూడు నంబర్లు గుర్తుపెట్టుకోండి. ఇంగ్లాండ్‌లో, యూరప్‌లో చాలా భాగంలో పట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు. మనకి 1850ల మొదట్లో, డల్‌హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు, అంతకంటే వెడల్పైన లైను ఖాయమైంది. 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. అదే బ్రాడ్‌గేజ్. తర్వాత ఇది ఖర్చెక్కువ అన్నారు. 1870లో వైస్రాయ్ మేయో కాలంలో చవగ్గా వేసే చిన్న లైనుకి సరిగ్గా ఒక మీటరు, 1000 మిల్లీమీటర్లు అని నిర్ణయించారు. అదే మీటర్‌గేజ్.

ఈ రెండూ వచ్చి కలిసింది బెజవాడలో. సికింద్రాబాద్ వైపు నుంచి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1889లో ఇక్కడికి చేరింది. అది బ్రాడ్‌గేజ్. గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా వచ్చిన సదరన్ మరాఠా రైల్వేది మీటర్‌గేజ్. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. 1899 నాటికి మద్రాసు దాకా లైను కలిసింది. 1908లో మచిలీపట్నానికి, 1928లో గుడివాడ నుంచి భీమవరానికి డెల్టాలో లైన్లు పడ్డాయి. అవి కూడా మీటర్‌గేజే.

అంటే ఒకే ఊళ్లో రెండు రైలు లోకాలు. ఈ బండి ఆ పట్టా ఎక్కదు, ఆ బండి ఈ పట్టా ఎక్కదు. డెల్టా నుంచి మీటర్‌గేజ్ వ్యాగన్‌లో వచ్చిన బస్తా ఉత్తరాదికి పోవాలంటే, దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సిందే. ఇప్పటికీ స్టేషన్ కోడ్ చూడండి, బీజెడ్ఏ. ఊరి పేరు విజయవాడ అయినా కోడ్‌లో బెజవాడే ఉంది. మచిలీపట్నం కోడ్ ఎంటీఎం, అది పాత మసూలిపటం.

ఇక బొమ్మల వైపు వద్దాం. బెజవాడకి నిజాం రైలు వచ్చిన రెండేళ్లకి, 1891లో, జర్మనీలోని లైప్జిగ్ సంతలో మెర్క్లిన్ కంపెనీ ఒక కొత్త సరుకు పెట్టింది. బొమ్మ పట్టాలకి ఇన్ని మిల్లీమీటర్లు అని సైజులు కట్టి, వాటికి నంబర్లు ఇచ్చింది. ఈ ఏడాది ఒక సెట్ కొంటే, వచ్చే ఏడాది దానికే ఇంకొన్ని పట్టాలు, ఇంకో పెట్టె తగిలించుకోవచ్చు. "ఈసారి కొత్తగా ఏం వస్తోంది?" అని ఎదురుచూసే అలవాటుకి పునాది అదే అనుకోవచ్చు. ఇంగ్లాండ్‌లో మెకానో కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చి తిప్పే రైళ్లతో ఈ వ్యాపారంలోకి దిగాడు.

కాలక్రమంలో ప్రపంచంలో ఎక్కువ చెల్లుబాటైన సైజు హెచ్‌ఓ. అంటే 87వ వంతు. 1435ని 87తో భాగిస్తే 16.5 మిల్లీమీటర్లు. షాపుల్లో ఎక్కువగా దొరికే పట్టా ఇదే. అది వాళ్ల రైలు కొలతతో పుట్టిన పట్టా, మన రైలుది కాదు. మన 1676ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. దాదాపు 3 మిల్లీమీటర్లు తేడా. అంతేనా అంటారేమో! మన ఇంజిన్‌ని కరెక్ట్ సైజులో చేసి ఆ పట్టా మీద నిలబెడితే చక్రాలు లోపలికి ముడుచుకుని కనిపిస్తాయి. లావాటి మనిషి బిగుతు చెప్పులేసుకున్నట్టు ఉంటుంది.

తమాషా ఏంటంటే, ఇంగ్లీషువాళ్లదీ తప్పు కొలతే. వాళ్ల అసలు ఇంజిన్లు సన్నం. 87వ వంతుకి తగ్గిస్తే అప్పటి మోటారు లోపల పట్టలేదు. అందుకని బాడీని 76వ వంతు చేసి, పట్టాని మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. అదే ఓఓ సైజు. ఇప్పటికీ హార్న్‌బీ ఇంజిన్లలో ఎక్కువ భాగం అలా తప్పు పట్టా మీదే పరిగెడుతున్నాయి. వాళ్లు సర్దుకుపోయారు, హాబీ ఆగలేదు.

మరి మనవాళ్లు ఏం చేస్తున్నారు? కొందరు విదేశీ మోడల్ కొని కోసి అతుకుతారు. మన డబ్ల్యూఏపీ-5 ఇంజిన్ మూలం స్విట్జర్లాండ్ లోక్ 2000 డిజైన్‌లో ఉంది, ఆ స్విస్ ఇంజిన్ మోడల్స్ దొరుకుతాయి. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. కాబట్టి ఆల్కో మోడల్స్‌లో భాగాలు వెతుక్కుంటారు. కానీ ఈ దారి ఖరీదైపోయింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. స్కేల్ మోడల్స్ కూడా ఆ బొమ్మల పద్దు కిందికే వస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 1676ని 100తో భాగించండి. 16.76. అంటే మన బ్రాడ్‌గేజ్ బండిని నూరోవంతు సైజులో చేస్తే, షాపులో దొరికే 16.5 పట్టా మీద దాదాపు సరిగ్గా కూర్చుంటుంది! కొలత కూడా సుళువు. అసలు మీటరు, మోడల్‌లో ఒక సెంటీమీటరు. 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ బోగీ 23.5 సెంటీమీటర్లు అవుతుంది. 1223 మీటర్ల ప్రకాశం బ్యారేజీ మాత్రం 12 మీటర్లు దాటుతుంది, అది మన హాల్లో పట్టదులెండి. నష్టం కూడా చెప్పాలి. నూరోవంతులో రెడీమేడ్ రైలు బాడీలు దొరకడం కష్టం, 3డీ ప్రింటర్ మీద మనమే చేసుకోవాలి.

మీటర్‌గేజ్‌కి ఇంకో దారి ఉంది. 1000ని 87తో భాగిస్తే 11.5. 2022లో హార్న్‌బీ టీటీ:120 అనే కొత్త సైజు ప్రకటించింది. దాని పట్టా 12 మిల్లీమీటర్లు. వాళ్లు 120వ వంతు ఇంగ్లీషు రైళ్ల కోసం తెచ్చారు. మనం అదే పట్టా మీద 87వ వంతు మచిలీపట్నం ప్యాసింజర్‌ని నడపొచ్చు. వాళ్ల ప్రకటనలో మన బండి లేకపోయినా, మనకి పనికొచ్చే పట్టా ఉంది.

ఇదంతా మనకి కొత్త పనేం కాదు. విజయవాడ నుంచి కాజీపేట లైనులో వెళ్తే, 1889 నాటి ఆ దారిలోనే కొండపల్లి స్టేషన్ వస్తుంది. అక్కడ తెల్ల పొణికి చెక్కని ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులేసి ఊరు ఊరంతా బొమ్మలుగా చేస్తారు. ఎడ్లబండి, తాటిచెట్టెక్కే మనిషి, పెళ్లి పల్లకి, అన్నీ. మన ఇళ్లలో బొమ్మల కొలువు దగ్గర ఆవాలు మొలకెత్తించి పొలం చేస్తారు, అద్దం ముక్క పెట్టి చెరువు అంటారు. మోడల్ రైలు వాళ్లు దాన్నే లేఅవుట్ అంటారు. మన దగ్గర లేనిది చెయ్యి కాదు. కొలతే.

ఆ కొలత ఎవరి దగ్గర ఉందో కూడా చెప్తాను. డెల్టా లైన్లు 1960ల్లో బ్రాడ్‌గేజ్ అయిపోయాయి. గుంటూరు, గుంతకల్లు వైపు 1990ల్లో మారింది. గుడివాడలో మీటర్‌గేజ్ బండెక్కినవాళ్లకి ఇప్పుడు 70 దాటి ఉంటాయి. పెట్టె రంగేంటి, కిటికీ ఎంత ఎత్తు, బెంచీలు ఎటు తిరిగి ఉండేవి, ఇవి ఏ కంపెనీ కేటలాగ్‌లోనూ రావు. ఆ తరం వెళ్లిపోతే, మంచి ప్రింటర్ ఉన్నా ఏం ప్రింట్ చేయాలో మనకి తెలీదు.

అందుకని ఈ ఆదివారం మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. పాత ఆల్బమ్‌లో స్టేషన్ ఫోటో ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి, వెనక ఊరు, సంవత్సరం రాసుందేమో చూసి భద్రం చేయండి. వచ్చే జనవరి లిస్టు ఎలాగూ వస్తుంది. ఈలోపు మన లిస్టు మనం మొదలుపెడదాం. ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.