ఒండోల్ గది

కొరియా దేశపు శీతకాలము మిగుల దారుణమైనది. దానిని తాళుటకై ఆ దేశీయులు పూర్వకాలముననే యొక యుపాయమును కనుగొనిరి: వంటింటి పొయ్యిలోని వేడియు పొగయు పడకగది నేల క్రింద తీర్చిన కాలువలగుండ ప్రాకి, పైనున్న బండలను వెచ్చజేసి, అవతలి గోడ వెలుపలి పొగగొట్టమునుండి బయల్వెడలును. దీనినే ఒండోల్ అందురు. బండలపై మట్టి మెత్తి, దానిపై నూనె పట్టించిన కాగితము నతికి, ఆ వెచ్చని నేలమీదనే పరపులు పరచికొని కుటుంబమెల్ల నిద్రించెడిది. పూత యెక్కడనైన బీటవారినచో కట్టెపొగ కండ్లు మండించి, దగ్గు పుట్టించి, తానే ఆ సంగతి చాటెడిది. ఇల్లాలు పిడికెడు మట్టి తెచ్చి ఆ నెరియను పూడ్చెడిది.

1950-53 యుద్ధానంతరము, కొండలు బోడులై కట్టె కరవగుటచే, గాంగ్వన్ మండలపు గనుల ఆంత్రసైటు బొగ్గు పట్టణములకు దిగెను. ఆ బొగ్గుపొడిని నిలువునా రంధ్రములుండునట్లు అచ్చొత్తిన గుండ్రని దిమ్మెకు యొన్‌తాన్ అని పేరు. క్రింది దిమ్మె కాలి తెల్లబారుచుండగా, దానిపై నల్లని క్రొత్తదానిని, రెండింటి రంధ్రములును సరిగా కలియునట్లు నిలుపవలెను. ఇందుకై గృహిణులు అర్ధరాత్రమున నిదుర లేచుటయు కలదు. చవుక, పొగ తక్కువ, రాత్రియెల్ల నిలుచును. బీదసాదలు దానిని వరముగా భావించుటలో వింత లేదు.

అయితే ఇల్లు మారలేదు. అవే కాలువలు, అదే మట్టిపూత. గాలి చాలక మెల్లగా రాజు బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకంటె ఇన్నూరు రెట్లకు మించిన గాఢతతో దానిని పట్టుకొనును. నెరియ యున్నదని నిద్రితునకు తెలుపవలసిన పొగయే లేకపోయెను. ఏటా వందలకొలది జనులు తెల్లవారి లేవలేదు. తల తిరుగుచు లేచినవారికి ముల్లంగి యూరిన పుల్లనీరు పట్టించుట ఇరుగుపొరుగుల చికిత్స. నిజముగ బ్రదికించెడిది ఆ నీరు గాదు, రోగిని ఆరుబయటి గాలికి మోసికొనివచ్చుటయే. 1960ల చివరినుండి ఆసుపత్రులలో అధికపీడనముతో ప్రాణవాయువు నందించు గదులు వెలసెను.

క్రమముగ వేడినీటి గొట్టములు నేల క్రింది కాలువల స్థానము నాక్రమించెను; బొగ్గు పోయి గ్యాసు బాయిలరు వచ్చెను. ఆపద తొలగినదని అందరును నమ్మిరి. 2018 డిసెంబరులో, కళాశాల ప్రవేశపరీక్ష ముగించుకొని గాంగ్నుంగ్ నగరపు విడిది యింట బసచేసిన పదిమంది విద్యార్థులలో ముగ్గురు మరణించిరి. బాయిలరు పొగగొట్టపు అతుకు ఊడియుండెను. పాత నెరియయే లోహములో మరల తెరుచుకొనెనని నాకు తోచును. ఆ బాలురను తలచినపుడెల్ల మనసు కలగును. క్రొత్తగా అమర్చు ప్రతి గ్యాసు బాయిలరుతోను కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు పరికరము నుంచి తీరవలెనను శాసనము 2020లో అమలునకు వచ్చెను.