హెర్బర్ట్ ఫిషర్: భారత్‌లో తూర్పు జర్మనీ తొలి రాయబారి

హెర్బర్ట్ ఫిషర్ (1914-2006) తూర్పు జర్మనీకి చెందిన విద్యావేత్త, దౌత్యవేత్త, రచయిత. యౌవనంలో మహాత్మా గాంధీ సన్నిధిలో గడిపిన ఆయన, మూడున్నర దశాబ్దాల అనంతరం 1972లో జర్మన్ డెమొక్రటిక్ రిపబ్లిక్ (జీడీఆర్) తొలి రాయబారిగా న్యూఢిల్లీలో బాధ్యతలు స్వీకరించారు. అంతవరకు అదే నగరంలో ఆయన, భారతదేశం ఇంకా గుర్తించని ఒక రాజ్యానికి వాణిజ్య ప్రతినిధిగా పనిచేశారు.

వార్ధా నుంచి నిర్బంధ శిబిరానికి

ఫిషర్ జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హుట్ పట్టణంలో జన్మించారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చిన తర్వాత స్వదేశాన్ని విడిచి, ఇతర ఐరోపా దేశాల మీదుగా 1936లో భారతదేశం చేరుకున్నారు. అప్పటికి గాంధీజీ కార్యక్షేత్రం వార్ధా. గ్రామ పునర్నిర్మాణ కార్యక్రమాలను ఫిషర్ అక్కడే సన్నిహితంగా గమనించారు. రెండవ ప్రపంచ యుద్ధం రాగానే, నాజీ పాలనను కాదనుకుని వచ్చినవాడైనప్పటికీ, జర్మన్ పౌరుడన్న కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. యుద్ధానంతరం ఆయన జర్మనీ తూర్పు భాగానికి తిరిగి వెళ్లి ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1950లలో విదేశాంగ శాఖలో ప్రవేశించారు.

గుర్తింపు లేని ప్రతినిధి

1949లో జర్మనీ రెండు రాజ్యాలుగా ఏర్పడింది. జర్మన్ ప్రజలందరికీ తానే ఏకైక ప్రతినిధినని పశ్చిమ జర్మనీ వాదించింది. జీడీఆర్‌ను గుర్తించే దేశాలతో సంబంధాలు తెంచుకుంటామన్న ఆ ప్రభుత్వ విధానం ‘హాల్‌స్టీన్ సిద్ధాంతం’గా ప్రసిద్ధి పొందింది. 1957లో యుగోస్లావియా విషయంలో ఆ హెచ్చరిక అమలైంది కూడా.

భారతదేశానికి ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. రూర్కెలా ఉక్కు కర్మాగారం, మద్రాసు ఐఐటీ పశ్చిమ జర్మనీ సహకారంతోనే రూపుదిద్దుకున్నాయి. అందువల్ల న్యూఢిల్లీ జీడీఆర్‌తో 1954లో వాణిజ్య ఒప్పందం చేసుకున్నా, దౌత్య గుర్తింపును మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది.

ఈ పరిమితుల మధ్యనే ఫిషర్ తొలుత వాణిజ్య ప్రాతినిధ్య కార్యాలయంలో పనిచేసి, 1960ల ద్వితీయార్ధంలో దానికి అధిపతి అయ్యారు. వాణిజ్య ప్రతినిధికి రాయబారి హోదా ఉండదు. రాష్ట్రపతికి అధికార పత్రాలు సమర్పించే అర్హతా ఉండదు. క్రయవిక్రయాల చర్చలతో పాటు రాజకీయ పరిచయాలను పెంపొందించడం, గుర్తింపునకు అనుకూల వాతావరణం కల్పించడం ఆ కార్యాలయం అసలు లక్ష్యం. గాంధీజీని స్వయంగా ఎరిగిన జర్మన్ అన్న గౌరవం ఆ పనిలో ఫిషర్‌కు అండగా నిలిచింది.

మారిన పరిస్థితులు

వ్యక్తిగత ప్రతిష్ఠ ఎంతటిదైనా, నిర్ణయాన్ని మార్చింది అంతర్జాతీయ పరిణామాలే. 1969లో ఇరాక్, సిరియా, ఈజిప్టు సహా పలు దేశాలు జీడీఆర్‌ను గుర్తించాయి. అదే ఏడాది పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అయిన విల్లీ బ్రాంట్ తూర్పు దేశాలతో సయోధ్య విధానాన్ని చేపట్టారు. 1970లో న్యూఢిల్లీలోని జీడీఆర్ కార్యాలయం కాన్సులేట్ జనరల్ స్థాయికి ఎదిగింది. 1972 అక్టోబరు 8న భారత్ పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పింది. రెండు జర్మనీల మధ్య మౌలిక ఒప్పందం కుదిరింది ఆ తర్వాత, డిసెంబరు 21న. మరుసటి ఏడాది సెప్టెంబరులో రెండు జర్మనీలూ ఐక్యరాజ్యసమితిలో చేరాయి.

రాజ్యం పోయినా

ఫిషర్ ఎవరి గుర్తింపు కోసం కృషి చేశారో ఆ రాజ్యం, 1990 అక్టోబరు 3న జర్మనీ పునరేకీకరణతో అంతరించింది. న్యూఢిల్లీలో పూర్తిస్థాయి రాయబార కార్యాలయంగా దాని ఉనికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే ముగిసింది. ఫిషర్‌కు భారతదేశంతో ఉన్న అనుబంధం మాత్రం కొనసాగింది. గాంధీజీని వెతుక్కుంటూ సాగిన తన ప్రయాణాన్ని ఆయన జర్మన్ భాషలో గ్రంథస్థం చేశారు. 2003లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. అప్పటికి ఆయన ప్రాతినిధ్యం వహించిన దేశం చరిత్రలో కలిసి పదమూడేళ్లయింది.