కొత్త పడవకి పోటీ పాత పడవే

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే రోజుల్లో మా వీధి చివరింటి ముందు ట్రైలర్ మీద ఒక తెరచాప పడవ ఉండేది. పైన నీలం పట్టా, దాని మీద ఎండుటాకులు, టైర్లలో గాలి లేదు. ఒకరోజు దానికి "ఉచితం" అని రాసిన అట్టముక్క వేలాడదీశారు. ఊరికే వస్తే ఫినాయిలు కూడా తాగే రకం మనం. ఆ లెక్కన సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పట్టుకుపోతారనుకున్నా. నెల రోజులైనా ఎవరూ రాలేదు.

ఊరికే ఇస్తానన్నా ఎవరికీ అక్కర్లేని వస్తువుని కొత్తగా తయారుచేసి అమ్మేవాడి పరిస్థితి ఏంటి? ఈ అనుమానం అప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ముందు ఏ పడవల సంగతో చెప్పాలి. హుస్సేన్ సాగర్‌లో వానాకాలంలో జరిగే పోటీల్లో ఒక్కో మనిషి ఒక్కో చిన్న పడవలో పోతుంటాడు చూడండి, అది లేజర్. 1970లో పుట్టింది, ఇప్పటికి రెండు లక్షలు దాటి చేశారు. తెరచాప మీద పెద్దగా కనిపించే అంకె అలంకారం కాదు, ఆ పడవ వరస నంబరు. కాకపోతే అందులో కూర్చోవడమే గానీ పడుకోడానికి చోటుండదు. నేను చెప్పేవి దానికి అన్నలాంటివి. ఇరవై, పాతికడుగుల పొడవు, లోపల చిన్న గది, నలుగురు ఎలాగోలా సర్దుకుని నిద్రపోవచ్చు. మామూలు కారుకి తగిలించి ఇంటికి లాక్కుపోవచ్చు. రేవులో అద్దె కట్టక్కర్లేదు. అమెరికా మధ్యతరగతికి సముద్రాన్ని అందుబాటులోకి తెచ్చినవి ఇవే.

ఇక లెక్కలు. 1971లో అమెరికాలో పడవల భద్రత చట్టం వచ్చింది. దాని ప్రకారం 1972 నవంబరు నుంచి ప్రతి పడవకీ పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. వెనక చెక్క మీద కుడివైపు పైమూల చూస్తే కనిపిస్తుంది. మొదటి మూడక్షరాలు కంపెనీవి, తర్వాతి అయిదు వరస నంబరు, చివర నెల, సంవత్సరం. (1984లో ఈ చివరి భాగం పద్ధతి కాస్త మార్చారు.) మన డేటాబేసు వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ప్రైమరీ కీలోనే టైమ్‌స్టాంపు! రెండు పడవల నంబర్లు దొరికితే చాలు, మధ్య కాలంలో కంపెనీ ఎన్ని చేసి ఉంటుందో ఉజ్జాయింపుగా చెప్పేయొచ్చు.

ఈ విద్య కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల గణాంక శాస్త్రజ్ఞులు, చేతికి చిక్కిన జర్మన్ ట్యాంకుల మీది నంబర్లు చూసి ఉత్పత్తి లెక్కగట్టారు. 1942 ఆగస్టు నెలకి గూఢచారులు చెప్పింది 1,550. నంబర్ల లెక్క చెప్పింది 327. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డులు తెరిస్తే 342. గూఢచారికి జీతం దండగ అనిపించట్లేదూ?

సరే, ఇదే కళ్ళద్దాలతో కెటలీనా 22ని చూద్దాం. దాన్ని చేసిన ఫ్రాంక్ బట్లర్ కథ సరదాగా ఉంటుంది. మొదట ఆయన పడవ కొనడానికి వెళ్ళిన మనిషి. ఆర్డరు తీసుకున్నవాడు పడవ ఇవ్వలేక చేతులెత్తేస్తే, రావలసిన డబ్బు కింద అచ్చులు తెచ్చుకుని తనే తయారీలోకి దిగాడు. తర్వాత కొరొనాడో అనే కంపెనీ పెట్టి పెద్ద సంస్థకి అమ్మేశాడు. ట్రైలర్ మీద తీసుకుపోయే ఇరవై రెండడుగుల పడవ చేద్దామంటే ఆ కొత్త యాజమాన్యం వద్దంది. బయటికొచ్చి సొంతంగా చేశాడు. వెడల్పు ఏడడుగుల ఎనిమిది అంగుళాలు. అప్పట్లో రోడ్డు మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగడానికి చాలా చోట్ల హద్దు ఎనిమిదడుగులు. అంటే ఈ పడవ వెడల్పుని సముద్రం కాదు, హైవే నిర్ణయించింది. బోల్తా పడకుండా అడుగున బరువైన ఇనప రెక్క ఉంటుంది. నీళ్ళలో దించితే అయిదడుగుల లోతుకి పోతుంది, పైకి మడిస్తే రెండడుగుల లోపే. అందుకే ట్రైలర్ మీద బుద్ధిగా కూర్చుంటుంది.

1970లో మొదలైన ఈ పడవ, 1986లో డిజైన్ కాస్త మార్చేనాటికి 13 వేల పైచిలుకు నంబరుకి చేరింది. పదహారేళ్ళకి భాగిస్తే ఏడాదికి ఎనిమిది వందలు, అంటే పనిదినానికి మూడు పడవలు. తర్వాతి మార్పు 1995లో వచ్చింది, అప్పటికి నంబరు 15,500 దాకా. అంటే ఏడాదికి మూడొందలైనా లేవు. ఆ తర్వాత మరీ నత్తనడక. "పదిహేను వేలకు పైగా అమ్ముడైన పడవ" అని గొప్పగా రాసే వాక్యంలో ఈ ముక్క కనపడదు. మొత్తం కూడిక ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది, ప్రాజెక్టు రిపోర్టుల్లో మన మేనేజర్లు చూపించే గ్రాఫులాగా.

ఎందుకు పడిపోయింది? పాత పడవల వాళ్ళని కదిపితే 1991 విలాస పన్నుని తిడతారు. లక్ష డాలర్లు దాటిన పడవల మీద, దాటిన సొమ్ముకి పది శాతం వేశారు, గోల భరించలేక 1993లో ఎత్తేశారు. పెద్ద యాట్ల కార్ఖానాల్లో చాలామంది ఉద్యోగాలు పోయిన మాట నిజం. కానీ మన ఇరవై రెండడుగుల పడవ ధర ఆ లక్షకి దరిదాపుల్లో లేదు. పైగా దాని అమ్మకాలు అంతకు ముందే పడిపోయాయి. నాకైతే ఈ వాదన ఎక్కదు. వడ్డీల మాట కొంత ఒప్పుకుంటాను. 1980 డిసెంబరులో బ్యాంకుల ప్రైమ్ రేటు 21.5 శాతం, ఆ రోజుల్లో అప్పు చేసి పడవ కొనేవాడెవడు? కానీ వడ్డీలు తర్వాత దిగొచ్చాయి. అమ్మకాలు మాత్రం తిరిగి రాలేదు.

అసలు దోషి ఫైబర్ గ్లాసు. చెక్క పడవైతే ఏటా గీకి, రంగు వేసి, తారు పూసి కాపాడుకోవాలి. నాలుగేళ్ళు వదిలేస్తే పుచ్చిపోతుంది, ఇంకోటి కొనాలి. ఫైబర్ పుచ్చదు. 1975లో చేసినదాన్ని కడిగి, తెరచాప మారిస్తే మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. అప్పుడు 1995 కొత్త మోడలుకి పోటీ ఎవరు? పక్క కంపెనీ కాదు. తను అంతకు ముందు చేసి పంపిన 15 వేల పడవలు. అవన్నీ కొత్తదాని ధరలో ఏ పదో వంతుకో దొరుకుతుంటాయి. లైసెన్సు గడువు లేని సాఫ్ట్‌వేర్ అమ్మి, వెర్షన్ 2 ఎవరూ కొనట్లేదేమిటని తల పట్టుకోవడం లాంటిదన్నమాట.

పైగా బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ బాధ ఒకటి. ఈ పడవలకి పోటీలుంటాయి, అన్నీ ఒకేలా ఉండాలి. 1995 మోడలు కాస్త వెడల్పూ బరువూ పెరిగింది. పోటీదారులు ఒప్పుకోరే! చివరికి 2000 దాటాక "స్పోర్ట్" అని ఒకటి తెచ్చారు. దాని గొప్పేంటయ్యా అంటే, కొలతల్లో మొదటి మోడలుకి దగ్గరగా ఉండటం. వెర్షన్ 1కి తిరిగెళ్ళడమే కొత్త ఫీచరు.

దీన్ని తప్పించుకున్నవాడు, నాకు తెలిసి, రోజర్ మెక్‌గ్రెగర్ ఒక్కడే. కాస్టా మేసాలో ఆయన కంపెనీ ముప్పై వేలకు పైగా పడవలు చేసింది. ఇనప రెక్క బరువు బదులు పడవ అడుగున నీళ్ళు నింపుకోవడం, ట్రైలర్ ఎక్కేటప్పుడు వదిలేయడం 80ల్లోనే తెచ్చాడు. 1995లో 26ఎక్స్ అని, తెరచాపతో పాటు 50 హార్స్‌పవర్ మోటారు పెట్టుకోగల పడవ వదిలాడు. అసలుసిసలు తెరచాపల వాళ్ళు దాన్ని చూసి నవ్వారు. ఆ నవ్వుల మధ్యే అయిదు వేలకు పైగా అమ్ముకున్నాడు. ఎలాగంటారా? ఆయన పాత పడవలేవీ ఆ పని చెయ్యలేవు. పాత మోడలు చెయ్యలేనిది చేస్తేనే కొత్తది అమ్ముడవుతుందని ఆయనకి అర్థమైంది. 2013లో ఆయన కార్ఖానా మూశాడు. బట్లర్ 2020లో పోయాడు.

మరి ఆ వేల పడవలేమవుతాయి? ఫైబర్ కరగదు, ఇనుములాగా పాత సామాను కొట్టుకీ పనికిరాదు. ఫ్రాన్సు 2019 నుంచి కొత్త పడవల అమ్మకం మీద కొంత సొమ్ము వసూలు చేసి, దాంతో పాతవాటిని విప్పిస్తోంది. కొత్తది కొన్నవాడే పాతదాని అంత్యక్రియల ఖర్చు పెట్టుకోవాలన్నమాట. మన ఉప్పాడ నుంచి భీమిలి దాకా తెప్పల స్థానంలో ఇప్పుడు ఫైబర్ బోట్లు నడుస్తున్నాయి, వాటికి ఈ లెక్క ఇంకా ఎవరూ వెయ్యలేదనుకుంటా.

మా వీధి పడవ సంగతి చెప్పలేదు కదూ. రెండో నెలలో అట్టముక్క మార్చారు. "ట్రైలర్ అమ్మబడును, పడవ ఉచితం" అని. మర్నాడే ట్రైలర్‌కి మనిషి వచ్చాడు. పడవని మాత్రం ఆ ఇంటాయన రంపంతో నాలుగు ముక్కలు కోసి చెత్త గుట్టకి పంపించి, తూకానికి ఇంతని డబ్బు కట్టాడు. కొయ్యక ముందు వెళ్ళి వెనక మూల నంబరు చూశాను. చివరి నాలుగంకెలు 0478. 1978 ఏప్రిల్.