కన్నం పడ్డ కొండ కింద ఊరు

మార్చి 12, 13 తేదీల్లో పొద్దున్నే ఎల్మ్ ఊరి జనం చర్చి దగ్గర చేరి కొండ వైపు చూస్తూ నిలబడతారు. స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్ కాంటన్‌లో, లోయ చివర ఉన్న చిన్న ఊరిది. ఎదురుగా చింగెల్‌హార్నర్ అనే కొండకొమ్ములు. అందులో ఒకదానికి ఇటునుంచి అటు పెద్ద కన్నం ఉంది, పేరు మార్టిన్స్‌లోహ్. సూర్యుడు ఇంకా కొండ వెనకే ఉండగా, ఆ కన్నంలోంచి ఎండ తిన్నగా వచ్చి చర్చి మీద పడుతుంది. ఒకటి రెండు నిమిషాలు, అంతే. మళ్లీ సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల్లో.

ఆ తేదీలు వినగానే నాకు ఒళ్లు పులకరించింది. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేది మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లోనే కదా! మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం. ఇంద్రపుష్కరిణి నీళ్లు తల మీద చల్లుకుని తెల్లవారకముందే వరసలో నిలబడ్డ రోజులు మరిచిపోలేను. లెక్క తేలికే: డిసెంబరు 21న సూర్యుడు దక్షిణపు కొసకు వెళ్లి వెనక్కి తిరుగుతాడు. ఆ రోజుకు ఎనభై రోజుల ముందు ఏ దారిన పోయాడో, ఎనభై రోజుల తర్వాత అదే దారిన వస్తాడు. అరసవల్లిలో ఆ దారికి ఎదురుగా వాకిలి పెట్టింది మనుషులు. ఎల్మ్‌లో వాకిలి కొండే తెరిచింది. గొర్రెల్ని ఎత్తుకుపోతున్న రాకాసి మీదికి సెయింట్ మార్టిన్ చేతికర్ర విసిరితే కన్నం పడిందని కథ. వేల మైళ్ల దూరంలో రెండు ఊళ్లు ఒకే వారంలో ఒకే సూర్యుడి కోసం ఎదురుచూస్తాయన్న తలపు నాకు ఈ పరాయి దేశంలో పెద్ద ఆసరా.

1799లో రష్యా సేనాని సువరోవ్ ఫ్రెంచివాళ్లకు చిక్కకుండా ఈ ఊరి మీదుగానే మంచు కనుమ దాటాడు. ఆయన బస చేసిన ఇల్లు ఇప్పటికీ చూపిస్తారు. కానీ ఊరు మనసులో పెట్టుకున్నది సైన్యాన్ని కాదు, పలకని.

ఇక్కడి కొండలో నల్లరాయి పొరలు పొరలుగా లేస్తుంది, మన మార్కాపురం పలకరాయిలాగే. బడిపిల్లల పలకలకు గిరాకీ పెరిగేసరికి ఊరివాళ్లు కొండ అడుగున గని తవ్వారు. పశువులు మేపుకునే రైతులకు గనిపని తెలియదు. పైన అంత కొండ ఉందన్న జాగ్రత్త లేకుండా పాదాన్ని తొలుచుకుంటూ పోయారు. 1881లో పైన పగుళ్లు విచ్చుకున్నాయి. సెప్టెంబరు 11, ఆదివారం సాయంత్రం, దాదాపు కోటి ఘనమీటర్ల కొండ మూడు విడతలుగా కూలింది. మొదటి విడతకే కొందరు ఎదురుగా ఉన్న డ్యూనిబెర్గ్ వాలు ఎక్కారు, ఎత్తులో ఉంటే బతుకుతామని. మూడోసారి కూలిన రాయి లోయలోకి దూకి, ఆ ఊపుకి ఎదుటి వాలు మీదికి ఎగబాకి, వాళ్లనీ కప్పేసింది. 110 మందికి పైగా పోయారు. జ్యూరిక్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ బతికినవాళ్లు చెప్పింది ఓపికగా రాసిపెట్టాడు. కొండలు కూలే తీరును చదివేవాళ్లు ఇప్పటికీ అదే తెరుస్తారు. పోయినవాళ్ల పేర్లు చర్చిలో చెక్కి ఉన్నాయి. ఇంటిపేర్లు అవే మళ్లీ మళ్లీ వస్తుంటే చదవడం కష్టమైంది.

పాత పలకల కార్ఖానా ఇప్పుడు మ్యూజియం. రాయిని కోసి, నునుపుచేసి, గీతలు గీసి, చెక్క చట్రం బిగించిన పలకను చేతిలోకి తీసుకుంటే బలపం వాసన వస్తున్నట్టే ఉంది.

ఎల్మ్ ఇప్పుడు విడి పంచాయతీ కాదు. 2006లో గ్లారుస్ జనం మైదానంలో చేరి, చేతులెత్తి, 25 పంచాయతీల్ని మూడుగా కలిపేసుకున్నారు. 2011 నుంచి ఇది గ్లారుస్ స్యూద్‌లో భాగం. హైదరాబాద్‌లో మా హఫీజ్‌పేట్ ఉన్న శేరిలింగంపల్లి 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. అప్పుడు మమ్మల్ని చేతులెత్తమని ఎవరూ అడగలేదు.

హఫీజ్‌పేట్ రైల్వేస్టేషన్ నుంచి కొండాపూర్ దాకా నా చిన్నప్పుడు ఎన్ని గుట్టలు! 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, గుండు మీద గుండు. టవర్ల పునాదులకని పేల్చేశారు. ఆ గుట్టల పేర్లు ఏ గోడ మీదా లేవు. మీ కాలనీ పక్కన ఇంకా ఒక్క గుండు మిగిలి ఉన్నా, దాన్ని ఏమని పిలిచేవారో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టండి.